మాటకు ముందొచ్చే ముక్కలు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను గానీ, నా కోపం మాత్రం రిటైరవలేదు. దానికి తోడు ఇంకో జబ్బు కూడా ఉంది. ఎదుటివాళ్ళు ఇంగ్లీషు మాటను తప్పుగా పలికితే దిద్దేదాకా నోరు ఊరుకోదు. బ్యాంకులో క్యాషియర్ని దిద్దాను, పెళ్ళిలో పెళ్ళికొడుకుని దిద్దాను. మా ఇంట్లోవాళ్ళు నన్ను నలుగురిలోకి తీసుకెళ్ళాలంటేనే జంకుతారు.

ఒక సాయంత్రం కర్నూలు నుంచి కల్లూరుకు షేర్ ఆటోలో వస్తున్నాను. పక్కన నర్సింగు చదివే పిల్ల, తెల్ల యూనిఫాం, ఒళ్ళో ఇటుకంత పుస్తకం. ఆటో ఊగుతుంటే ఆ పుస్తకం జారిపోకుండా మోచేతులతో పట్టుకుని, పెదాల చివర ఒకే మాటను నములుతోంది. ‘పెరికా... పెరికార్... పెరికారిడియ’. నేను ఓర్చుకున్నాను. నిజంగానే రెండు స్టాపుల దాకా ఓర్చుకున్నాను.

“దాన్ని రెండు ముక్కలు చెయ్యమ్మా,” అన్నాను చివరికి. “పెరి ఒకటి, కార్డియం ఒకటి. పెరి అంటే చుట్టూ. కార్డియా అంటే గుండె. గుండె చుట్టూ ఉండే సంచి. అంతే.”

ఆ పిల్ల పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. “అంతేనా మేడం?”

“అంతే. ఈ పెరి మనకు కొత్తదేం కాదు. పరిసరాలు అంటాం, పరిధి అంటాం. ఆ పరి, గ్రీకువాళ్ళ పెరి, రెండూ ఒకే తల్లి బిడ్డలు.”

“మీరు డాక్టరా మేడం?”

“కాదు. ఇంగ్లీషు టీచర్ని.”

ఆటోలో అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. మా వీధి దగ్గర నేను దిగితే నా వెనకాలే దిగింది. తన హాస్టలు ఇంకా ముందుందట. రోడ్డు పక్కన నిలబడే తన కథ చెప్పింది. పత్తికొండ దగ్గర పల్లె. ఇంటరు దాకా తెలుగు మీడియం. జనరల్ నర్సింగు మొదటి సంవత్సరంలో అన్నీ పాసైంది గానీ అనాటమీ తప్పింది. ఇంకో రెండు నెలల్లో సప్లిమెంటరీ పరీక్ష.

“ఈతూరి గూడా తప్పితే మా నాయన ఇంక పంపనన్యాడు మేడం. టమోటా మండీకి పోవాల్సిందే. పుస్తకం తెరిస్తే ఒక్కొక్క మాట బారెడు ఉండాది. చూస్తానే కండ్లు తిరుగుతాయి.”

“రేపు సాయంత్రం నోటుబుక్కు తీసుకుని రా,” అన్నాను. ఆ పిల్ల అడగనైనా అడగలేదు, నేనే పిలిచేశాను. అదీ నా పద్ధతే.

మర్నాటి నుంచి మా వరండాలో పాఠం మొదలైంది. కింద బేతంచెర్ల బండలు, మధ్యాహ్నమంతా ఎండకు కాలి సాయంత్రానికి గోరువెచ్చగా ఉండేవి. కుర్చీ వేస్తే వద్దనేది, బండ మీదే బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నేను నా పాత ఉత్సాహంలో పడిపోయాను. ఇంగ్లీషు వైద్యం మాటల్లో సగానికి సగం గ్రీకువే అన్నాను. వాటికి ముందొచ్చే ముక్కలు ఓ పాతిక నేర్చుకుంటే బారెడు మాటలు జానెడవుతాయని చెప్పాను. హైపర్ అంటే పైన, ఎక్కువ, మన ఉపరి. హైపో అంటే కింద, తక్కువ, మన ఉప. డిస్ అంటే చెడు, కష్టం. మన దుర్వాసనలో, దుర్మార్గంలో ఉన్నదే. ఎండో లోపల, ఎపి పైపొర. హెమి సగం, పాలీ చాలా. డయా అంటే గుండా, ఒకవైపు నుంచి ఇంకోవైపుకు. షుగరు జబ్బుకు డయాబెటిస్ అని ఎందుకు పేరొచ్చిందో చెప్పాను. తాగిన నీళ్ళు తాగినట్టే ఒంట్లోంచి దూసుకుపోతాయని ఆ కాలపువాళ్ళు చూశారు, ‘గుండా పోవడం’ అని పేరు పెట్టారు.

“మా ఊర్లో ఒకాయన గూడా అంతే మేడం,” అంది ఆ పిల్ల. “చెంబుడు నీళ్ళు తాగుతాడు, గోడ పక్కకు పోతాడు. మళ్ళా చెంబు ఎత్తుతాడు.”

“ఆ గ్రీకు వైద్యుడూ ఇలాంటి మనిషినే చూసి ఉంటాడు,” అన్నాను. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం. పిల్ల చురుకైందే అనుకున్నాను. నెల తర్వాత ఇరవై నాలుగు ముక్కలు, వాటి అర్థాలు ఒక కాగితం మీద రాసిచ్చి, మూడు రోజుల్లో నేర్చుకుని రమ్మన్నాను.

మూడో రోజు వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల చెప్పులు విడిచి, వరండా మూలకు పోయి నిటారుగా నిలబడింది. చున్నీ తల మీదికి లాక్కుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఏం చేస్తుందబ్బా అని చూస్తున్నాను. గొంతు సవరించుకుని, “గ్రీకు ఉపసర్గలు, ఒకటి మొదలుకొని ఇరవై నాలుగు వరకు,” అని గట్టిగా చెప్పి, అందుకుంది. ఒక్కటి తప్పలేదు. ఎక్కడా తడబడలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ముందే అనుకున్నట్టుంది. ఇరవై నాలుగోది అయిపోగానే అదే ఊపులో “ఆమెన్” అంది.

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి, నాలుక కరుచుకుని, తనూ కొంచెం నవ్వింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

“సరే, ఎపి అంటే ఏమి?” అన్నాను.

మళ్ళీ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఒకటో ముక్క నుంచి మొదలుపెట్టింది. తొమ్మిదోది ఎపి. అక్కడికొచ్చాక, “పైపొర మేడం,” అంది.

“హెమి?”

మళ్ళీ ఒకటి నుంచి. ఈసారి పద్నాలుగు దాకా పోవాలి. నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యలో అడిగితే చెప్పలేవా అన్నాను. వరస తప్పితే రాదు మేడం అంది. చిన్నప్పటి నుంచి ఆదివారం చర్చిలో కంఠత వాక్యాలు అట్లే అప్పజెప్పేవాళ్ళట. ముందు ఏ అధ్యాయమో చెప్పి, మొదటి వచనం నుంచి చివరి దాకా, చివర ఆమెన్. జిల్లా పోటీల్లో తనకు రెండుసార్లు బహుమతి కూడా వచ్చిందట. అది చెబుతున్నప్పుడు పిల్ల ముఖం వెలిగింది. నేను అది చూసి కూడా ఆగలేదు.

“రేపు పేషెంటుకు గుండె ఆగిపోతుంటే నువ్వు మూలన చేతులు జోడించుకుని ఒకటో నంబరు నుంచి మొదలుపెడతావా తల్లీ? నువ్వు ఆమెన్ అనేలోగా వాడు నిజంగానే పైకి పోతాడు!” అన్నాను. అని మళ్ళీ నవ్వాను. నా మాట నాకే అంత బాగా నచ్చింది.

ఆ పిల్ల చున్నీ తల మీంచి తీసి భుజం మీద వేసుకుంది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. “సరే మేడం,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలిగిందిలే, వస్తుందిలే అనుకున్నాను. నాలుగో రోజుకు మనసు ఊరుకోలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. హాస్టలుకు పోయి అడిగితే ఊరికి పోయిందన్నారు. పెట్టె కూడా తీసుకుపోయిందన్నారు. పరీక్షకు అప్పటికి సరిగ్గా మూడు వారాలుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల్ని తిట్టానో లెక్కలేదు. కానీ నా తిట్టుకు పెట్టె సర్దుకుని పోయిన పిల్ల, నాకు తెలిసి, ఇదొక్కతే. సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే పత్తికొండ బస్సెక్కాను. అక్కడ దిగి ఇంకో ఆటో. పల్లెలో చర్చి ఎక్కడని అడిగితే, దాని వెనక వీధే వాళ్ళదని చూపించారు. ఇంటి ముందు వేపచెట్టు కింద టమోటాలు గుట్ట పోసి ఉన్నాయి. ఆ పిల్ల పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని, ఎర్రవి ఒక బాక్సులోకి, దోరవి ఒక బాక్సులోకి ఏరుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. చేతులు చొక్కాకు తుడుచుకుంది.

“యాడి నుంచి వచ్చినావమ్మా?” అని గడప మీద కూర్చున్న ముసలామె అడిగింది. ఆమె పిల్ల జేజి, నాయన తల్లి. చూపు సరిగ్గా ఆనదు. నేనెవరో చెప్పాను. “ఓ, ఆ టీచరమ్మవా,” అంది. ఆ ‘ఆ’ అనడంలోనే నాకు రావలసింది నాకు వచ్చింది.

“కూసో తల్లీ. కూసో,” అంది మళ్ళీ. “ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు మాటలకు అర్థాలు చెప్పే టీచరు అంట గదా. ఆమెన్ అంటే అర్థమేమి?”

నేను నీళ్ళు నమిలాను. తెలియక కాదు. నా నోటితో చెప్పాలంటే ముఖం చెల్లలేదు.

“అట్లనే కానీ, అని. అంతే గదా,” అంది ముసలామె. “మాట నిజం, అట్లనే కానీ. పాప నువ్వు చెప్పిన మాటలన్నీ చెప్పి, అట్లనే కానీ అనింది. దాంట్లో నవ్వేదానికి ఏముండాది?”

గొంతు పెంచలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు నన్ను తిట్టిన తిట్లన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. తల దించుకున్నాను. నిజమే కదా, మాటల పుట్టుక వెతికేదాన్ని, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగలేదు.

అంతలో పక్కింటి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది. కొడుకు బేతంచెర్లలో బండల లారీ మీద పోతాడట. రెండు రోజులుగా ఫోను లేదు, చేస్తే స్విచాఫ్ వస్తోంది. ఏమైందో అని ఏడుస్తోంది. జేజి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. కళ్ళు తెరిచే, ఆమె ముఖంలోకే చూస్తూ, ప్రయాణంలో ఉన్నవాళ్ళను దేవుడు కాచుకునే వాక్యం ఒకటి చెప్పింది. రెండే వచనాలు. ఎక్కడో అధ్యాయం నడి మధ్యలోవి. వెతుక్కోలేదు, ఒకటి నుంచి మొదలుపెట్టలేదు. బాక్సులోంచి కావలసిన టమోటా తీసి చేతిలో పెట్టినట్టు పెట్టింది. పక్కింటామె ఏడుపు ఆగింది. “లోడింగు కాడ చార్జింగు యాడుంటాది, చేస్తాడు పో,” అని జేజి మామూలు మాట కూడా ఒకటి కలిపింది.

ఆమె పోయాక అడిగాను. “అవ్వా, నువ్వు చదువుకున్నావా?”

“నాకు ఒక్క అక్షరం రాదు. అంతా విని పట్టుకున్యేదే.”

“మరి మధ్యలోది ఎట్లా గుర్తొచ్చింది?”

“నేను యాడ గుర్తు చేసుకున్యా? మనిషి కష్టమొచ్చి ఎదురుగా కూసుంటే అదే వస్తాది నోట్లోకి. పాపకు గూడా వస్తాది. మనిషి ఎదురుగా ఉండల్ల.”

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్ని, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. నేను ఆ పిల్లను ఊరికే మాట అడిగాను. మనిషిని ఎదురుగా పెట్టి అడగలేదు.

లేచి చెట్టు కిందికి పోయాను. పిల్ల మళ్ళీ ఏరుతోంది. తల ఎత్తడం లేదు.

“నవ్వినందుకు తప్పయిపోయిందమ్మా,” అన్నాను. “నువ్వు నేర్చుకున్నది సరైందే. నేను అడిగిందే సరిగా లేదు. రేపు వస్తావా?”

ఆ పిల్ల చేతిలోని దోరకాయను ఎర్రవాటిలో వేసి, మళ్ళీ తీసి దాని బాక్సులో వేసింది. “నాకు చదువు రాదని మా నాయనతో చెప్పేసినా మేడం,” అంది.

“నేను చెబుతాను మీ నాయనతో.”

వాళ్ళ నాయన మధ్యాహ్నం చేను నుంచి వచ్చాడు. మాటకారి కాదు. నేను చెప్పిందంతా విని, “పోతానంటే పోనీ మేడం. ఇది ఆఖరుతూరి,” అన్నాడు. పెట్టె తనే మోసుకొచ్చి మమ్మల్ని సాయంత్రం బస్సెక్కించాడు.

ఆ మూడు వారాలు మా వీధిలో నాకు పెద్ద పేరే వచ్చింది. నేను రోజూ సాయంత్రం ఒక జబ్బుమనిషినయ్యేదాన్ని. కుర్చీలో వెనక్కి వాలి, ఛాతీ పట్టుకుని, “అయ్యో సిస్టరూ, ఊపిరాడ్డం లేదు!” అని ఎగపోసేదాన్ని. మొదటి రోజు ఆ పిల్ల సిగ్గుపడి నోరు తెరవలేదు. నేను ఇంకా గట్టిగా ఎగపోశాను. “డిస్ప్నియా!” అని అరిచింది ఉన్నట్టుండి. “డిస్ అంటే కష్టం, ప్నియా అంటే ఊపిరి!” ఎదురింటాయన పరుగెత్తుకొచ్చి, “ఏమైంది మేడం, అంబులెన్సు పిలవాల్నా?” అన్నాడు. ఏమీ లేదప్పా, పాఠం చెప్పుకుంటున్నాం అంటే, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళాడు.

ఒక రోజు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినట్టు వాలిపోయాను. హెమిప్లీజియా అంది, హెమి సగం. ఒక రోజు గుండె దడదడమంటోందన్నాను. టాకికార్డియా అంది, టాకి వేగం. ఒక రోజు చెంబుడు నీళ్ళు తాగి ఊరికే లోపలికీ బయటికీ తిరిగాను. పడీపడీ నవ్వి, డయాబెటిస్ మేడం, అంది. కళ్ళు మూసుకోవడం మానేసింది. నా ముఖంలోకే చూసేది. అప్పుడప్పుడూ పాఠం అయిపోయాక, నేను అడగకుండానే, లేచి నిలబడి ఇరవై నాలుగూ వరసగా అప్పజెప్పేది. చివర ఆమెన్ అనేది. నేను కూడా అనేదాన్ని.

రాతపరీక్ష బాగానే రాశానంది. నోటిపరీక్ష, అదే వైవాకు పోయే ముందు రోజు మాత్రం నోటుబుక్కు వదల్లేదు. బయటి ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ మేడం శానా కోపిష్టి అంట అని భయపడింది. నాకంటేనా అన్నాను. మీకంటే కాదు మేడం అంది.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఫోను చేతిలో పట్టుకునే తిరిగాను. మోగలేదు. పదిసార్లు దాన్ని తీసి చూశాను. తప్పిందేమో, చెప్పడానికి ముఖం చెల్లక ఊరికి పోయిందేమో అని మళ్ళీ నాలో నేనే కుమిలాను. సాయంత్రం అయిదింటికి గేటు చప్పుడైంది. తనే. చేతిలో స్వీటు పొట్లం. ఇంకేం అడగాలి! నాకు ఏడుపొచ్చింది, దాన్ని దాచుకోవడానికి గట్టిగా కసిరాను. “ఫోను చేయడానికేం రోగం నీకు? పొద్దుట్నుంచి నా ప్రాణం తీస్తున్నావు!”

“ఎదురుగా చెప్పాలని వచ్చినా మేడం,” అంది. “పాసైనా. మా నాయనకు ఫోన్ చేస్తే ఏమీ మాట్లాడల్యా. ఊరికే పట్టుకోని నిలబడినాడంట, జేజి చెప్పింది.”

బండ మీద కూర్చోబెట్టి, ఒక స్వీటు నేను తిని, ఒకటి ఆ పిల్ల నోట్లో పెట్టి, నా పాత బుద్ధి కొద్దీ అడిగాను. “వైవాలో ఏమడిగింది ఆవిడ? మనం నేర్చుకున్నవి వచ్చాయా?”

“ఒక్కటే అడిగింది మేడం. అనీమియా అంటే ఏమి, చెప్పు, అనింది.”

“అబ్బో, అది మన వరసలో మొట్టమొదటిదే కదా! అన్ అంటే లేదు. మన అనర్హుడిలో ఉన్నదే. హైమా అంటే రక్తం. చెప్పేశావా?”

“చెప్పినా. అన్ అంటే లేదు, హైమా అంటే రక్తం. రక్తం లేదు, అని చెప్పినా.” స్వీటు పొట్లానికి చుట్టిన దారాన్ని వేలికి చుట్టుకుంది. “వరస గుర్తు రాల్యా మేడం. మాయమ్మ గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేండ్లప్పుడు, కాన్పుకని ఆస్పత్రికి పోయినాము. సిస్టరు బయటికొచ్చి మా నాయనకు అదే మాట చెప్పింది. ఒంట్లో రక్తం ల్యా, అని. నేను మా నాయన చెయ్యి పట్టుకోని నిలబడుకోని ఉన్న్యా. మాయమ్మ రాల్యా, తమ్ముడూ రాల్యా.”

నేను స్వీటు పొట్లం పక్కన పెట్టేశాను.

“ఆ మేడంకు అంతా చెప్పినా,” అంది. “రక్తం తక్కువైతే కండ్ల కింద ఎట్లుంటాదో, గోర్లు ఎట్ల తెల్లగైతాయో, మెట్లెక్కితే ఎట్ల ఆయాసమొస్తాదో, కడుపుతో ఉండే ఆమెకు ఏమేమి పెట్టల్లో, ఏ నెలలో సూది ఏయల్లో. నేను మాయమ్మను చూస్తానే చెప్పినా. ఆమె ఇంకేమీ అడగల్యా. పోయి నీళ్ళు తాగు పో, అనింది.”

రెండు నెలలు ఆ పిల్ల నా వరండాలో కూర్చుంది. నేను వాళ్ళ ఊరికి పోయాను, వాళ్ళ జేజితో మాట్లాడాను, వాళ్ళ నాయన పెట్టె మోస్తే బస్సెక్కాను. మీ అమ్మ ఏదమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.